మూడో హోల్డు పక్క గదిలో హిచిరికి

హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన మూడో ఏట, చలికాలంలో, విశాఖ ఔటర్ హార్బర్‌లో బొగ్గు దించుతున్న ఒక ఓడ మీద నాకు భద్రతాధికారిగా డ్యూటీ వేశారు. నేను రేవు ఉద్యోగిని కాను. ఓడల్లోంచి సరుకు దించే ఒక ప్రైవేటు స్టీవిడోరింగ్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. కంపెనీ పేరూ, ఓడ పేరూ ఇక్కడ రాయడం లేదు. జరిగిన సంగతికి అవి అవసరం లేదు.

భద్రతాధికారి ఏం చేస్తాడని మా దువ్వాడలో ఇరుగుపొరుగు వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. టోపీ పెట్టుకోని కూలీలను కేకలేసేవాడని వాళ్ల అభిప్రాయం. అసలు పని వేరు. ఓడలో సరుకు నింపే పెద్ద గోతుల్ని హోల్డులంటారు. మనుషులు హోల్డులోకి దిగే ముందు అక్కడి గాలిని మీటరుతో పరీక్షించి, దిగవచ్చని సంతకం పెట్టేవాడు భద్రతాధికారి. ఆ సంతకం లేనిదే మేస్త్రి గ్యాంగును దించకూడదు.

బొగ్గు విషయంలో ఈ పరీక్ష ఎందుకంటే, మూసి ఉంచిన చోట బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా తినేస్తుంది. వారాల తరబడి సముద్రం మీద మూతపడి ఉన్న హోల్డు తెరిస్తే కంటికి పొగ కనబడదు, ముక్కుకు వాసన తగలదు. దిగినవాడు నిచ్చెన మీదే కూలబడతాడు. వాణ్ని లాగడానికి పరుగెత్తిన రెండోవాడి గతీ అంతే. ఓడల్లో ఇలా చనిపోయేవాళ్లలో కాపాడబోయి పోయేవాళ్లు ఎక్కువని మాకు శిక్షణలో మొదటి రోజే చెప్పారు.

ఆ ఓడలో రెండో హోల్డు ఖాళీ అవుతోంది. క్రేనుకు తగిలించిన గ్రాబు, అంటే ఇనుప దోసిలి, చాలా భాగం బొగ్గును ఎత్తేసింది. మూలల్లో మిగిలింది మధ్యకు తోయడానికి మేస్త్రి తాతారావు గ్యాంగు దిగింది. తాతారావుది మల్కాపురం. రేవులో పుట్టి పెరిగినట్టే ఉంటాడు. బలమైన మనిషి, గొంతు కూడా అలాంటిదే. దిగిన కాసేపటికే ఆ గొంతు వాకీటాకీలో వినిపించింది.

"సారూ, హోల్డులో ఏటో కూత వత్తంది. మావోల్ని పైకి తెచ్చీసినాను. తవరొచ్చి సూడండి."

నేను వెళ్లేసరికి గ్యాంగంతా డెక్కు మీద గుంపుగా నిలబడి ఉంది. ఏం కూత అని అడిగితే తలో మాట చెప్పారు. గ్యాస్ పైపు కన్నంపడ్డ చప్పుడని ఒకడు. సైరన్ చెడిపోయిందని ఇంకొకడు. పారలు పట్టేవాళ్లలో పెద్దవాడైన సింహాచలం మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మిషను కాదు బావా అది. ఎవలో ముక్కుతో ఏడుత్తన్నట్టుంది," అన్నాడు తాతారావుతో.

మీటరు తాడుకు కట్టి హోల్డులోకి వదిలాను. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక్క పాళ్లుంటుంది. అక్కడా అంతే ఉంది. విషవాయువుల అంకెలన్నీ సున్నా. తర్వాత నేనే దిగాను. క్రేన్లు ఆగినప్పుడు నా చెవికీ వినబడింది.

ఎలా ఉందో ఇప్పుడు చెప్పమన్నా సరిగ్గా చెప్పలేను. పెళ్లి సన్నాయిని దుప్పటి కింద పెట్టి ఊదితే కొంత అలా ఉండవచ్చు. కానీ సన్నాయి మెట్టు మెట్టుగా కదులుతుంది, ఇది జారుతోంది. ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి పాకి, అక్కడ కాస్త వణికి, తెగిపోతోంది. తెగినచోట ఊపిరి తీసుకున్నంత ఖాళీ. పైపు లీకు ఊపిరి తీసుకోదు. అలాగని మనిషి గొంతు అనుకోవడానికి అందులో మాట లేదు. నాలుగు వైపులా ఇనుప గోడలు కావడంతో ఏ మూల నుంచి వస్తోందో తెలియదు. కుడి మూలకు వెళితే ఎడమ మూల నుంచి వచ్చినట్టుంది. కాసేపటికి అదే ఆగిపోయింది.

పైకొచ్చి ఓడ చీఫ్ ఆఫీసరును కలిశాను. సరుకు వ్యవహారమంతా అతని కింద ఉంటుంది. ఫిలిప్పీన్స్ కుర్రవాడు, మన రేవులోనే ఆ ముందురోజు కొత్తగా ఓడెక్కాడు. హోల్డు మూతల హైడ్రాలిక్ పంపు, గాలి గొట్టాలు, అగ్నిమాపక అలారాలు వరసగా అడిగాను. ఓపిగ్గా నాతో పాటు తిరిగి అన్నీ చూపించాడు. ఏదీ మోగడం లేదు, ఏదీ కారడం లేదు. కెప్టెనును అడుగుదామంటే ఆయన పంటి నొప్పితో ద్వారకా నగర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ఈలోగా మా షిఫ్ట్ మేనేజరు ఫోను చేశాడు. తర్వాతి ఓడ బయట లంగరేసుకుని ఉంది, పని ఎందుకు ఆపారు అన్నది అతని ప్రశ్న. శబ్దం వస్తోందన్నాను. గాలి బాగుందా అన్నాడు. బాగుందన్నాను. మరి ఏమిటి ఇబ్బంది అన్నాడు. గాలి బాగున్నా పని ఆపించే అధికారం నాకు ఉంది గానీ కారణం రాయాలి. "ఏడుపు లాంటి శబ్దం" అని రాస్తే నన్నే పరీక్షకు పంపుతారు.

తాతారావు ఒక షరతు పెట్టాడు.

"తవురు మాతో హోల్డులో కూకుంటే దిగుతాం సారూ. తవరి పేనానికి లేని బయం మాకెందుకు?"

న్యాయంగానే తోచింది. ఆ మధ్యాహ్నమంతా మీటరు ఒళ్లో పెట్టుకుని బొగ్గు మీద కూర్చున్నాను. శబ్దం మళ్లీ రాలేదు. సాయంత్రం కెప్టెను తిరిగొచ్చాడు. చెంప వాచి మాట సరిగ్గా రావడం లేదు. ఓడలో ఏ యంత్రమైనా అలా మోగుతుందా అని అడిగితే, లేదని చెయ్యి ఊపి గదిలోకి వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్తూ దారిపొడుగునా ఆ జారుడు శబ్దాన్ని నాలో నేను కూనిరాగం తీసి చూసుకున్నాను. ఒక్కసారీ కుదరలేదు.

మర్నాడు గ్యాంగు టిఫిన్లు చేసి దిగిన కొద్దిసేపటికే అది మళ్లీ మొదలైంది.

ఈసారి హోల్డులోకి దిగలేదు. తాతారావుతో మాట్లాడి గ్యాంగును పైకి రప్పించి, క్రేన్లన్నీ ఆపించాను. ఓడ మీద క్రేన్లు ఆగితే అంతవరకు ఎన్ని శబ్దాల మధ్య ఉన్నామో తెలుస్తుంది. గాలికి తాళ్లు కొట్టుకుంటున్నాయి. దూరంగా ఎక్కడో బొగ్గు వ్యాగన్లు కదులుతున్నాయి. వాటి మధ్య, సన్నగా, ఆ కూత. డెక్కు మీద అడుగులో అడుగేసుకుంటూ చెవితోనే వెతకడం మొదలుపెట్టాను. నా వెనకే తాతారావు.

నిన్నటిలా లేదది. నిన్న బిగువుగా ఉంది, ఈ రోజు కింది స్థాయిలో దొర్లుతోంది. జారిన చోటు నుంచి పైకి రావడానికి ఆలస్యం చేస్తోంది. మధ్యలో ఖాళీలు పెరిగాయి. ఏదో గొట్టంలో పీడనం తగ్గుతోందని నాకు తోచింది. అలా అయితే ఎక్కడో ఏదో ఖాళీ అయిపోతోంది, అది ఏమిటో నాకు తెలియదు.

"నిన్నటి కూత కాదు సారూ ఇది," అన్నాడు తాతారావు మెల్లిగా. "ఏటో తేడాగుంది."

రెండో హోల్డుకూ మూడో హోల్డుకూ మధ్య డెక్కు మీద ఒక ఇనుప గది ఉంటుంది. ఓడవాళ్లు దాన్ని మాస్ట్ హౌస్ అంటారు. తాళ్లు, పరికరాలు పెట్టుకునే చోటు. రెండో హోల్డుకు గాలి తీసుకెళ్లే గొట్టం ఆ గది గోడను ఆనుకునే దిగుతుంది. ఆ గొట్టం మీద చెయ్యి వేస్తే ఇనుము సన్నగా అదురుతోంది. గొట్టం నుంచి గోడకు, గోడ నుంచి తలుపుకు చెయ్యి జరిపాను. తలుపు దగ్గర అదురు ఎక్కువగా ఉంది. అప్పుడు ఒక పొడుగాటి స్వరం మొదలై, కిందికి, ఇంకా కిందికి వాలి, ఆగింది. తర్వాత ఇనుము మీద ఏదో పడిన చప్పుడు.

తలుపు దగ్గరకు వేసి ఉంది గానీ గడియలు బిగించలేదు. లాగాను. లోపల చీకటి. తలుపులోంచి పడ్డ వెలుతురులో ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడ నుంచి కాళ్ల దాకా ఒకే గుడ్డగా ఉండే బాయిలర్ సూట్ వేసుకున్నాడు. నెరిసిన జుట్టు. తల ఛాతీ మీదికి వాలిపోయింది. పక్కన ఒక ఫ్లాస్కు దొర్లి పడి ఉంది. ఒళ్లో జానెడు పొడవున్న నల్లటి గొట్టం ఒకటి.

"సారూ, మనిషి!" అని తాతారావు దూకబోయాడు. రెండు చేతులతో అతని చొక్కా పట్టుకున్నాను. నాకంటే బలవంతుడు, నన్ను గుమ్మం దాకా ఈడ్చుకుపోయాడు.

"ఒగ్గీండి సారూ! సచ్చిపోతన్నాడు!"

"నువ్వూ చస్తావు! ఆగు!"

ఒక చేత్తో అతన్ని పట్టుకుని, రెండో చేత్తో మీటరు గుమ్మం లోపలికి చాపాను. అది గోల పెట్టింది. అంకె గబగబా పడిపోయి పన్నెండు దగ్గర ఊగులాడింది. అంత తక్కువలో మనిషి ఎక్కువసేపు స్పృహలో ఉండడు. ఆ అంకె చూపించాక తాతారావు లాగడం మానేశాడు. ఇద్దరం తలుపును బార్లా తెరిచి పట్టుకుని, గుమ్మానికి పక్కగా నిలబడ్డాం. నేను వేసిన కేక గ్యాంగు మొత్తానికి వినబడింది.

ఇలాంటి సమయానికని ఓడ మెట్ల దగ్గర ఒక గాలి సిలిండరు సెట్టూ, దాన్ని వేసుకోవడం వచ్చిన ఒక మనిషీ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. మా కంపెనీలో ఆ మనిషి జోసెఫ్. అతను ముఖానికి మాస్కు తగిలించుకుని, వీపున సిలిండరుతో పరుగెత్తి వచ్చేదాకా మేం చేయగలిగింది ఏమీ లేదు. చేతికి అందేంత దూరంలో ఒక మనిషి పోతుంటే చూస్తూ నిలబడటమే పద్ధతి. పుస్తకంలో ఆ వాక్యం ఎన్నోసార్లు చదివాను. అమలు చేయడం అదే మొదటిసారి. తాతారావు ఏడుస్తూ ఎవర్నో తిడుతున్నాడు. నన్నే కావచ్చు.

జోసెఫ్ లోపలికి వెళ్లి ఆ మనిషిని చంకల కింద పట్టి డెక్కు మీదికి లాగాడు. ఊపిరి ఉంది. ఆక్సిజన్ పెట్టాం. పెదవుల నీలం కాస్త తగ్గింది. చుట్టూ చేరిన డెక్కు సిబ్బంది చెబితే తెలిసింది, ఆయన ఓడ చీఫ్ ఇంజినీరు మొరితా. ఓడ మొత్తంలో ఒకే ఒక్క జపాను మనిషి.

ఇక్కడితో నా అయోమయం తీరిందనుకుంటే పొరపాటు. అక్కణ్నుంచే అది పెరిగింది. ఆ గదిలో ఆక్సిజన్ ఎందుకు తగ్గిందో గంట లోపలే తేలింది. ఇంకా తెరవని మూడో హోల్డులోకి మనుషులు దిగే కంత, దాని మూతతో సహా, ఆ గదిలోనే ఉంది. ఆ రోజు మూడో హోల్డు తెరవబోతున్నారు కదా అని ఓడ సిబ్బంది పొద్దున్నే మూత బిగింపులు వదులు చేసి వెళ్లారు. వారాల నుంచి లోపల మగ్గిన గాలి పైకి పాకి ఆ చిన్న గదిని నింపింది. ముందురోజు ఆ మూత బిగించి ఉంది. అంతవరకు స్పష్టమే. ఆ మనిషి అక్కడ ఏం చేస్తున్నాడన్నదే ఎవరికీ అర్థం కాలేదు.

అందరి చూపూ ఆ గొట్టం మీద పడింది. వెదురుతో చేసింది. పైన ఏదో చెట్టు బెరడును దారంలా సన్నగా చుట్టి, నల్లగా లక్క పూసినట్టుంది. ముందువైపు కన్నాలున్నాయి, వెనకా ఉన్నాయి. ఒక కొసలో వేలంత పొడుగున్న రెల్లుముక్క గుచ్చి ఉంది. దాని చివర నొక్కినట్టు చదునుగా, తడిగా ఉంది.

"గంజాయి గొట్టం సారూ ఇది," అన్నాడు సింహాచలం గొంతు తగ్గించి. చీఫ్ ఆఫీసరుకూ అదే అనుమానం వచ్చినట్టుంది, ముఖం పాలిపోయింది. ఆంబులెన్సులో వచ్చిన వైద్య సహాయకుడు ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, ఈ ఆకుపచ్చ కషాయం ఏమిటని అడిగాడు. ఎవరికీ తెలియదు. మత్తు పదార్థం తీసుకున్నాడేమో, రక్తపరీక్ష చేయాలి అన్నాడు. ఓడ ఇంజినీరు డ్యూటీలో మత్తులో ఉన్నాడని ఒకసారి కాగితం మీదికెక్కితే అతని లైసెన్సు పోతుంది. ఆ వయసులో మళ్లీ రాదు.

నాకు ఒక్క సంగతి తెలుసు. రెండు రోజులుగా నేను విన్న శబ్దం ఆ గొట్టంలోంచే వచ్చింది. కానీ ఆ జానెడు ముక్క అంత పెద్ద హోల్డును నింపగలదా? జోసెఫ్ దాన్ని తుడిచి ఊది చూశాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదాడు. పిల్లి తుమ్మినట్టు ఒక్క చప్పుడు వచ్చి ఆగింది. ఇది వాద్యమే అని గట్టిగా చెప్పడానికి ఆ తుమ్ము చాలదు.

చివరికి కెప్టెనే వాచిన చెంప పట్టుకుని కిందికి దిగి వచ్చాడు. గొట్టాన్ని చూడగానే తల పట్టుకున్నాడు. అది జపాను వాద్యమనీ, మొరితా గదిలో వాయిస్తుంటే డ్యూటీ దిగి పక్క గదుల్లో పడుకున్న ఇంజను ఆఫీసర్లు మొత్తుకుంటున్నారనీ, దాంతో మానేయమని తానే చెప్పాననీ అన్నాడు. మానేశాడనే అనుకున్నాడట. నేను ముందురోజు యంత్రం గురించి అడిగాను కనుక ఆయన యంత్రం గురించే జవాబు చెప్పాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. ప్రమాద విచారణలో బాధితుడి వాంగ్మూలం తీసుకోవడం నా విధి. తాతారావు తనూ వస్తానన్నాడు. ఆ గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చాను. మొరితా గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. రక్తంలో ఏ మత్తూ లేదని డాక్టరు అప్పటికే తేల్చారు. ఆయన మొదట అడిగింది ఆ గొట్టాన్నే. తీసుకుని, రెల్లుముక్కను వెలుతురుకు పట్టి, చీలలేదని చూసుకుని, అప్పుడు మాకు నమస్కరించారు.

దాన్ని హిచిరికి అంటారట. ఆయన నిదానమైన ఇంగ్లీషులో చెప్పారు. వెయ్యేళ్లకు పైగా వాళ్ల చక్రవర్తి కొలువులోనూ, దేవాలయాల్లోనూ మోగుతున్న వాద్యం. సన్నాయిలాగే రెండు పొరల రెల్లుతో పలుకుతుంది. రెల్లును వేడి తేనీటిలో నానబెడితే గానీ నోరు విప్పదు. ఫ్లాస్కులోది ఆ తేనీరే. ఆయన అన్నగారు స్వగ్రామంలో గుడి పూజారి. ఉద్యోగం నుంచి దిగగానే ఆ గుడి ఉత్సవంలో వాయించాలని నడివయసు దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టారు. పాటను ముందు నోటితో అక్షరాలుగా పాడి, అది పట్టుబడ్డాకే వాద్యం ముట్టుకుంటారని చెప్పి, కొంచెం పాడి వినిపించారు కూడా. పక్క మంచం రోగి లేచి కూర్చున్నాడు.

వాంగ్మూలంలో అక్కర్లేకపోయినా నేను ఒక ప్రశ్న అడిగాను. రెండో రోజు స్వరం కిందికి వాలిపోతూ వచ్చింది. అది పాటేనా, లేక ఊపిరి అందకపోవడమా?

స్వరం నుంచి స్వరానికి జారడమే ఈ వాద్యం పద్ధతి, పెదవిని బట్టి, రెల్లును నోట్లో ఎంత లోపలికి తీసుకున్నామన్నదాన్ని బట్టి జారుతుంది అన్నారు. ఎక్కడిదాకా జారిందో తనకు గుర్తులేదన్నారు. కానీ ఒకటి బాగా గుర్తుందట. ఇన్నేళ్లలో ఎన్నడూ అంత తేలిగ్గా పలకలేదు. అంత సంతోషంగా ఎన్నడూ వాయించలేదు. తనకు విద్య వచ్చేసిందనుకున్నారు.

ఆక్సిజన్ తగ్గినప్పుడు మెదడు అలాంటి సంతోషాన్నే ఇస్తుంది. అది మా శిక్షణలో ఒక పాఠం. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పడమే పద్ధతి కనుక చెప్పాను. ఆయన హిచిరికిని ఒళ్లో పెట్టుకుని, అయితే ఆ రోజు బాగా వాయించలేదా అని అడిగారు. నాకు సంగీతం తెలియదని జవాబిచ్చాను. అప్పుడాయన తాతారావు వైపు చూశారు. అక్కడున్నవాళ్లలో విన్నది మేమిద్దరమే మరి.

"ఏటంటన్నారు సారూ?" అన్నాడు తాతారావు. చెప్పాను.

"నానేటి సెప్పగల్ను? రెండ్రోజులూ బయమే ఏసింది. మొన్నటిది మడిసి ఊదినట్టుంది. నిన్నటిది ఎవలూ ఊదకండా దానంతటదే మోగినట్టుంది. ఏది మంచిదో ఆయనకే ఎరక."

ఆ మాటల్ని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో నాకు తెలియలేదు. రెండు రోజులూ వేరువేరుగా ఉందంటున్నాడు అని మాత్రం చెప్పాను. మొరితా గారు తల వంచి, అర్థమైందన్నట్టు ఊపారు. ఏం అర్థమైందో నేను అడగలేదు.

వారం తిరక్కుండానే ఆయన విమానంలో స్వదేశం వెళ్లారు. ఉత్సవంలో వాయించారో లేదో తెలియదు. ఓడ అంతకు ముందే రేవు దాటింది. నా నివేదిక ఆధారంగా కంపెనీ ఒక నియమం చేర్చింది. హోల్డు ఒక్కదాన్నే కాక, ఏ హోల్డు కంత ఏ గదిలోకి తెరుచుకుంటుందో ఆ గది గాలినీ పరీక్షించాలి. తలుపు మీద హెచ్చరిక పలక తగిలించాలి. నేను రిటైరయ్యేదాకా అది అమలు చేశాను.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. మీటరు తానున్న చోటి గాలిని మాత్రమే చెబుతుంది. పక్క గది గురించి దానికేమీ తెలియదు. రెండోది, ఆక్సిజన్ తగ్గుతున్న మనిషికి తాను తగ్గుతున్నట్టు తెలియదు, పైగా బాగున్నానని అనిపిస్తుంది. కాబట్టి లోపలున్నవాడు బాగానే ఉన్నానని చెప్పినా ఆ మాట మీద పర్మిట్ ఇవ్వకూడదు. బయట నిలబడ్డవాడు చూసి నిర్ణయించాలి. రెండో రోజు నేను విన్నది సంగీతమా కాదా అన్నది నా శాఖకు సంబంధించిన ప్రశ్న కాదు.